ప్యార్ను తీరంలో ఓలెవ్ సీన్మా కట్టడాల మధ్య

ఎస్టోనియాకు వెళ్లే మనవాళ్లలో చాలామంది ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఓడ ఎక్కి, రెండు గంటల్లో ఎస్టోనియా రాజధాని టాలిన్ రేవులో దిగి, కోటగోడల మధ్య ఉన్న పాత పట్టణాన్ని ఒక పూట చుట్టి, సాయంకాలపు ఓడకే వెనుదిరుగుతారు. తక్కువ సెలవుతో వచ్చినవారికి అదే వీలు. కాస్త వ్యవధి ఉన్నవారు మాత్రం టాలిన్‌కు దక్షిణంగా సుమారు 130 కిలోమీటర్ల దూరాన, లాట్వియా రాజధాని రిగాకు పోయే రహదారి మీద ఉన్న ప్యార్ను అనే సముద్రతీర పట్టణాన్ని చూడకుండా తిరిగి రాకూడదని నా అభిప్రాయం. అక్కడి ఇసుక, ఎండ ఎలాగూ అందరినీ రప్పిస్తాయి. నేను వెళ్లింది మాత్రం ఆ తీరానికి దాదాపు ఇరవై ఏళ్ల పాటు రూపురేఖలు దిద్దిన ఓలెవ్ సీన్మా అనే వాస్తుశిల్పి కట్టడాలను చూడటానికి, వీలైతే వాటిలోనే బస చేయడానికి.

సీన్మా 1881లో ప్యార్నులోనే పుట్టాడు. అప్పటికి ఆ ప్రాంతమంతా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1918లో ఎస్టోనియా స్వతంత్ర దేశమయ్యాక, 1925లో ఆయన తన సొంత ఊరికే పురపాలక వాస్తుశిల్పిగా నియమితుడై, 1944 దాకా ఆ పనిలోనే ఉన్నాడు. పెద్ద నగరంలో పెద్ద పేరు సంపాదించుకోవాలని చూడకుండా ఒకే ఊరిని పట్టుకుని ఇల్లు తరువాత ఇల్లు, వీధి తరువాత వీధి దిద్దుకుంటూ పోయిన మనిషి కావడం వల్ల, ఆయన పనిని అర్థం చేసుకోవడానికి దేశమంతా తిరగనక్కరలేదు. ముఖ్యమైనవన్నీ సముద్రపుటొడ్డున ఒకే రోడ్డు మీద, ఆ చుట్టుపక్కల వీధుల్లో, నడిచి చూడగలిగే దూరంలోనే ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వాటిలో ఒకటి ఇప్పటికీ హోటలుగా, మరొకటి స్నానశాలగా నడుస్తున్నాయి. వాస్తుశిల్పి పనితనాన్ని రోడ్డు మీద నిలబడి ఫొటో తీసుకుని తేల్చేయకుండా, అందులో నిద్రపోయి, స్నానం చేసి, కిటికీ తెరిచి మూసి తేల్చుకునే అవకాశం అరుదుగా దొరుకుతుంది.

ప్రయాణం గురించి ముందు చెప్పాలి. ప్యార్నుకు ఇప్పుడు రైలు లేదు. పాత రైలుమార్గాన్ని 2018 చివర మూసివేశారు, రైల్ బాల్టికా అనే కొత్త మార్గం ఇంకా తయారవుతోంది. కనుక బస్సే గతి, అయితే ఆ గతి మంచిదే. టాలిన్ బస్టాండు నుంచి పగలంతా బస్సులున్నాయి, ప్రయాణం ఇంచుమించు రెండు గంటలు, సీట్లు విశాలంగా ఉంటాయి, టికెట్లు ముందుగా కొనుక్కుంటే ధర తగ్గుతుంది. దారి పొడవునా అడవి, చదునైన పొలాలు తప్ప కొండలన్నవి కనిపించవు కాబట్టి కిటికీ పక్క సీటు కోసం తగువు పడనక్కరలేదు. ప్యార్ను బస్టాండు ఊరి నడిబొడ్డున ఉంది. అక్కడి నుంచి సముద్రం దాకా చెట్ల నీడలో నెమ్మదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మాతో ఉండటం వల్ల మేము పెట్టెలతో టాక్సీ ఎక్కాము గాని, కుర్రవాళ్లకు ఆ నడక ఒక భారం కాదు.

తీరం వెంట సాగే రోడ్డు మీద మొదట కనిపించేది పాత మట్టి స్నానాల భవనం. ప్యార్నులో స్నానశాల మొదటిసారి తెరిచింది 1838లో. ఆ తరువాతే ఓడరేవుగా, వర్తక కేంద్రంగా ఉన్న ఊరికి విహారస్థలమన్న పేరు మెల్లగా అంటుకుంది. పాత స్నానశాల మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాలిపోగా, దాని స్థానంలో 1926, 1927 సంవత్సరాలలో ఇప్పుడున్న భవనాన్ని కట్టారు. సీన్మాతో పాటు ఎరిక్ ఫోన్ వోల్ఫెల్ట్, అలెక్సాండర్ న్యూర్న్‌బెర్గ్ అనే మరో ఇద్దరికి ఇందులో భాగముంది. మధ్యలో గుమ్మటం, ముందు స్తంభాలు, ఇరువైపులా సమానంగా చాచుకున్న రెక్కలు: గ్రీకు, రోమను పద్ధతిని గౌరవంగా అనుసరించిన కట్టడం. చూడటానికి హుందాగా ఉంటుంది. నిజం చెప్పాలంటే దీన్ని చూసి సీన్మా ఎవరో ఊహించలేము. ఇలాంటి భవనం ఆ రోజుల్లో ఐరోపాలో ఏ స్నానాల ఊరిలోనైనా ఇమిడిపోయేది. అయినా దీన్ని ముందు చూడటం మంచిది, ఎందుకంటే పదేళ్లు తిరగకుండానే ఇదే మనిషి ఇదే రోడ్డు మీద ఎంత వేరైన పని చేశాడో అప్పుడు గాని తెలియదు.

కొంతకాలం ఖాళీగా పడి ఉన్న ఆ భవనాన్ని బాగుచేసి, పక్కన కొత్త కట్టడం చేర్చి, 2014లో హెడోన్ అనే పేరుతో స్పా హోటలుగా తెరిచారు. పాత గుమ్మటం కింద నిలబడినప్పుడు గొంతులు తమంతట తామే తగ్గుతాయి. మరమ్మతు చేసినవారు పాతదాన్ని కొత్తదానితో కలిపేసే పని పెట్టుకోకుండా, రెండూ వేరువేరుగా కనిపించేలా ఉంచడం నాకు నచ్చింది. బస చేసే గదులు కొత్త భాగంలో ఉన్నాయి కనుక, పాత భవనంలో నిద్రపోవాలన్న కోరికతో వెళ్లేవారు ముందే ఈ సంగతి గమనించుకోవాలి. గది తీసుకోకపోయినా స్నానశాలలకు మాత్రం టికెట్టు తీసుకుని వెళ్లవచ్చు. ధర తక్కువేమీ కాదు. పిల్లలతో వెళ్లేవారు ఏ భాగంలోకి ఏ వయసువారిని రానిస్తారో ముందుగా అడిగి తెలుసుకోవడం అవసరం, పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన నిశ్శబ్దపు భాగాలు ఇలాంటి చోట్ల మామూలు. ఇంకొక సంగతి, మొహమాటపడకుండా చెప్పవలసినది: ఎస్టోనియాలో ఆవిరి గది అనుభవం ఇంట్లో అన్నం తిన్నంత సహజమైన విషయం, ఆడవారికి మగవారికి వేరుగా ఉన్న ఆవిరి గదుల్లో బట్టలు లేకుండా కూర్చోవడం వారికి ఎబ్బెట్టు కాదు. అందరూ కలిసి ఉండే చోట్ల ఈతదుస్తులు ఉంటాయి. ఏ తలుపు వెనుక ఏ పద్ధతో గోడ మీది బొమ్మ చూసుకుని లోపలికి వెళ్లడం మంచిది.

అమ్మ మోకాళ్లకు మట్టి వైద్యం చేయిద్దామనుకున్నప్పుడు మాత్రం ఈ అందమైన భవనాన్ని వదిలి, సోవియట్ కాలంలో శానటోరియంగా, అంటే ఉండి చికిత్స చేయించుకునే చోటుగా కట్టిన టెర్విస్‌కు తీసుకువెళ్లాను. బయటి నుంచి అది పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలా కనిపించే మాట నిజమే. లోపల నర్సులు, చీటీలు, గంటల పట్టిక, వరండాలో బల్లల మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసే పెద్దవాళ్లు, అంతా కలిసి వైద్యమన్న నమ్మకం కలిగిస్తుంది. రక్తపోటు, గుండె జబ్బుల సంగతి ముందుగా అడిగారు. సముద్రగర్భం నుంచి తీసిన నల్లటి మెత్తటి బురదను సుమారు 40 డిగ్రీల దాకా వేడి చేసి, మోకాళ్ల చుట్టూ మందంగా పట్టించి, గుడ్డతో, దుప్పటితో చుట్టి పావుగంట పైగా పడుకోబెట్టారు. మన ప్రకృతి చికిత్సాలయాలలో పొట్ట మీద వేసే చల్లని మట్టి పట్టీ అలవాటైన అమ్మకు ఈ వేడి బురద మొదట భయం కలిగించినా, కడుక్కుని వచ్చాక మెట్లు దిగుతూ "నొప్పి పోయిందో లేదో రేపు చెబుతాను గాని, నిద్ర మాత్రం ముంచుకొస్తోంది రా" అంది. ఒకటి రెండు సార్లతో రోగాలు తగ్గుతాయని నేను చెప్పను. ఈ మట్టి వైద్యాన్ని ఎస్టోనియాలో 1825 ప్రాంతంలో హాప్సాలు అనే మరో తీర పట్టణంలో హునియస్ అనే వైద్యుడు మొదలుపెట్టినప్పటి నుంచి, వారాల తరబడి ఉండి చేయించుకోవలసిన చికిత్సగానే చూశారు. సీన్మా కట్టిన పెద్ద స్నానశాలకు గాని, ఆ తరువాతి హోటలుకు గాని అర్థం అక్కడే ఉంది: రోగి వారాలపాటు ఉండాలంటే ఉండటానికి చోటు కావాలి, సాయంకాలం గడపడానికి మరొక చోటు కావాలి.

స్నానశాల పూర్తయిన ఆరేళ్లకు, 1933లో, సీన్మా తనకోసం ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఊరిలో ప్రధానమైన ర్యూట్లి వీధి చివర, 1ఎ నంబరు గల ఆ తెల్లని ఇంటిలో గుమ్మటం లేదు, స్తంభం లేదు, ఒక్క నగిషీ లేదు. చదునైన పైకప్పు, నునుపైన గోడలు, వెలుతురు ఎటు వస్తుందో చూసి పెట్టిన కిటికీలు మాత్రమే ఉన్నాయి. అలంకారాన్ని పూర్తిగా తీసివేసి, ఏ భాగం దేనికి పనికివస్తుందో దాన్నిబట్టే దానికి రూపం ఇచ్చే ఆ పద్ధతిని ఫంక్షనలిజం అంటారు. 1930లలో ఐరోపా అంతటా అది కొత్త గాలి. యాభై ఏళ్ల వయసు దాటిన తరువాత, అప్పటిదాకా తాను చేసిన పనికి పూర్తిగా ఎదురైన దారి పట్టి, ఆ ప్రయోగాన్ని సొంత డబ్బుతో సొంత కుటుంబం మీద చేసుకున్నవాడంటే నాకు గౌరవం. ఆ ఇల్లు బయటి నుంచి చూడవలసినదే. చుట్టుపక్కల వీధుల్లో ఆయనవీ, ఆయనను చూసి కట్టినవీ ఇలాంటి తెల్లని మేడలు మరికొన్ని కనిపిస్తాయి. పాతకాలపు చెక్క ఇళ్ల మధ్య అవి ఒక్కసారిగా ఎదురైనప్పుడు, అప్పటి ఊరివాళ్లు ఏమనుకుని ఉంటారోనని నవ్వు వచ్చింది. వాటిలో మనుషులు కాపురముంటున్నారు కాబట్టి కంచె మీదుగా తొంగిచూడటం, గేటు లోపల నిలబడి ఫొటోలు తీయడం మర్యాద కాదు.

మనదేశానికి ఈ ఊరితో ఒక సన్నని దారం ఉంది. అహ్మదాబాదులో ఐఐఎం ఎర్ర ఇటుక భవనాలను రూపొందించిన లూయీ కాన్ 1901లో పుట్టింది ప్యార్నులోనేనని, బాల్యం గడిచింది సారెమా ద్వీపంలోని కురెస్సారెలోనని చెబుతారు. ఆయన 1906లోనే కుటుంబంతో అమెరికా వెళ్లిపోయాడు, 1974లో అహ్మదాబాదు పని చూసుకుని తిరిగి వెళుతూ న్యూయార్కు రైల్వే స్టేషనులో మరణించాడు. సీన్మాకూ ఆయనకూ సంబంధమేమీ లేదు; ఊరు ఒకటే, అంతే.

ఇక అసలు విషయమైన రన్నాహోటెల్. సీన్మా, ఆంటోన్ సోవాన్స్ కలిసి రూపొందించిన ఈ హోటలును 1935లో మొదలుపెట్టి 1937లో తెరిచారు. అప్పటికి ఎస్టోనియా ప్రభుత్వాధినేతగా ఉన్న కోన్‌స్తాన్తిన్ ప్యాట్స్ ఈ ప్రాంతంవాడే. ప్యార్నును స్వీడన్, ఫిన్లాండ్ దేశాల యాత్రికులు వచ్చే విహారస్థలంగా నిలబెట్టాలన్న పట్టుదల ఆ కాలంలో గట్టిగా ఉండేది. భవనం సముద్రానికి సమాంతరంగా పొడవుగా సాగి, ఒక చివర గుండ్రంగా తిరుగుతుంది. వరుసలుగా అమర్చిన బాల్కనీలు, వాటికి సన్నని ఇనుప కడ్డీలు, తెల్లని గోడ అన్నీ కలిసి ఒడ్డుకు చేరిన పెద్ద ఓడ పైఅంతస్తుల్లా ఉంటాయి. ఆ కాలపు వాస్తుశిల్పులకు ఓడలంటే ఉన్న మోజు ఇక్కడ దాచిపెట్టినది కాదు, ఎవరైనా దూరం నుంచే పోల్చుకోగలరు.

మేము సముద్రం వైపు గది అడిగి తీసుకున్నాము. గది చిన్నది. రెండు పెట్టెలు నేల మీద పూర్తిగా తెరిచి పెడితే నడవడానికి దారి ఉండదు. ఐదు నక్షత్రాల హోటళ్ల విశాలమైన గదులకు అలవాటుపడినవారు మొదటి చూపులో నొచ్చుకుంటారు. అయితే ఆ చిన్నతనానికి ఒక లెక్క ఉందని బాల్కనీ తలుపు తెరిచాక తెలుస్తుంది. 1937లో ఇక్కడికి వచ్చిన అతిథి గదిలో కూర్చోవడానికి రాలేదు. పగలంతా ఇసుకలో, సాయంకాలం నాట్యశాలలో ఉండి రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాడు, కాబట్టి గది వైశాల్యంలో తగ్గించినదాన్ని కట్టినవారు గాలికి, వెలుతురుకు, కిటికీకి ఇచ్చారు. బాల్కనీలో నిలబడి కిందికి చూస్తే కడ్డీల పని బాగా కనిపిస్తుంది: మనం వేసినట్టు నడుము ఎత్తు పిట్టగోడ కట్టి ఉంటే, కుర్చీలో కూర్చున్నవారికి సముద్రం మరుగైపోయేది. సన్నని అడ్డకడ్డీలు కావడం వల్ల కూర్చున్న ఎత్తు నుంచి కూడా ఇసుక, నీరు, ఆకాశం మూడూ అడ్డు లేకుండా కనిపిస్తాయి. కాఫీ కప్పు పట్టుకుని అక్కడ గంటల తరబడి కూర్చున్న అమ్మకు గది ఇరుకన్న సంగతే గుర్తు లేదు.

ఈ తీరం నైరుతి దిక్కుకు తిరిగి ఉంటుంది, హోటలు ముఖం కూడా అటే. నైరుతి మూలను బరువుగా మూసి ఉంచాలని చెప్పే మన వాస్తు పండితులెవరైనా ఈ భవనాన్ని చూస్తే ఏమంటారో గాని, అక్కడి సూర్యుడి లెక్క వేరు. నడిశీతకాలంలో పగలు ఆరున్నర గంటలు కూడా ఉండని చోట, ఉన్న కాస్త ఎండనూ మధ్యాహ్నం నుంచి సాయంకాలం దాకా పట్టి గదిలోకి తేవాలంటే గోడను ఆ దిక్కుకే తెరవాలి. మనం చూరు దించి, వరండా వేసి, కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి ఎండను తప్పించుకుంటాము. వారు ఎండ కోసం గోడలను కోసి కిటికీలు పెట్టారు. దీనికొక ఇబ్బంది కూడా ఉంది. జూన్ చివరి వారంలో సూర్యుడు రాత్రి పదిన్నర దాకా అస్తమించడు, తెల్లవారుజామున నాలుగు దాటగానే మళ్లీ వస్తాడు. మందపాటి తెరలు బిగించి వేసుకోకపోతే నిద్ర పట్టదు, వేసుకుంటే సముద్రపు గాలి ఆగిపోతుంది. నిద్ర సుకుమారంగా ఉండేవారు కళ్లకు కట్టుకునే గుడ్డ తెచ్చుకోవాలి.

పార్కు వైపు గదులకు ధర తక్కువ. అయితే డబ్బు ఆదా చేయాలంటే అక్కడ కాకుండా మరొక చోట ఉండి, ఈ హోటలుకు భోజనానికి మాత్రం రమ్మని చెబుతాను. సముద్రం వైపు చూపు లేకపోతే ఈ భవనంలో ఉండటంలో సగం అర్థం పోతుంది. కింది అంతస్తులో గుండ్రంగా తిరిగిన భాగంలో కూర్చుంటే గాజు వెనుక సముద్రం కనిపిస్తుంది. ఆ వంపు ఎందుకు పెట్టారో అక్కడ కూర్చున్నాకే బోధపడింది, ఏ బల్ల దగ్గర కూర్చున్నవారికీ వీపు వెనుక సముద్రం ఉండిపోదు. సేవ మర్యాదగా ఉంటుంది, అతిగా ఉండదు. ఎస్టోనియన్లు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి ఊరుకుంటారు. అది నిర్లక్ష్యం కాదని తెలుసుకోవడానికి మాకు ఒక రోజు పట్టింది.

మిగిలిన బసల సంగతి తొందరగా చెప్పవచ్చు. అమ్మెండె విల్లా అనే మరొక పేరున్న హోటలు ఊరిలో ఉంది. అమ్మెండె అనే వ్యాపారి 1905 ప్రాంతంలో తన కూతురి పెళ్లి కోసం కట్టించిన మేడ అది. పూలతీగల వంపులు, రంగుల గాజులు, చెక్క పనితనం గల ఆర్ట్ నూవో పద్ధతి. అందంలో దానికి వంక పెట్టలేము. నాకు మాత్రం అది ఒక్క కుటుంబం వైభవం కోసం కట్టిన ఇల్లుగా, రన్నాహోటెల్ ముక్కూమొహం తెలియని వందల మంది సెలవు కోసం కట్టిన ఇల్లుగా తోచాయి; రెండింటిలో నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, తోటలో కాఫీ తాగడానికి మొదటిదానికి వెళతాను. టెర్విస్ వంటి శానటోరియం హోటళ్లలో చికిత్సతో, భోజనంతో కలిపి గది ఇచ్చే పద్ధతి ఉంది కనుక పెద్దవాళ్లతో వారం రోజులు ఉండదలచినవారికి లెక్క కలిసి వస్తుంది. మేము మొదట దిగినది మాత్రం పాత చెక్క ఇంట్లో నడిచే ఒక అతిథి గృహం. పేరు చెప్పను. తాళంచెవి పెట్టె అంకెలు ఫోనుకు పంపుతామన్నవారు పంపలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు. పెట్టెలతో గుమ్మంలో గంటసేపు కూర్చున్నాక పక్కింటావిడ ఎవరికో ఫోను చేసి తలుపు తీయించింది. మనిషి లేకుండా తాళంచెవి తీసుకునే ఇళ్లు ఆ దేశంలో ఎక్కువ కాబట్టి, బయలుదేరే ముందే ఆ అంకెలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

హోటలుకూ స్నానశాలకూ మధ్య అదే రోడ్డు మీద తీరపు కాఫీహోటలు భవనం ఉంది. 1930ల చివర సీన్మా కట్టిన ఈ భవనానికి సముద్రం వైపు ఒక బాల్కనీ ఉంది. అదే ఇప్పుడు ఊరి గుర్తుగా మారిపోయింది. ఒకే ఒక్క స్తంభం నేల నుంచి లేచి, పైకి వెళ్లేకొద్దీ నాలుగువైపులా విచ్చుకుని, గుండ్రటి స్లాబును పుట్టగొడుగులా మోస్తుంది. కింద నిలబడి తలెత్తి చూడటం ముఖ్యం: స్తంభం ఎక్కడ ముగిసి స్లాబు ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగే గీత లేదు, కాంక్రీటు ఒకే ఊపులో వంగి అంచు దగ్గర పలుచబడుతుంది. దూలం లేకుండా అంత బరువును ఒంటికాలి మీద నిలబెట్టడానికి లోపల ఇనుము ఎలా అల్లి ఉంటారో, ఆ వంపుకు చెక్క అచ్చు కట్టిన వడ్రంగులు ఎంత అవస్థ పడి ఉంటారో, కట్టుబడి పని కాస్త ఎరిగినవారికి తట్టక మానదు. సీన్మా ఆటవిడుపుగా చేసినట్టు కనిపించే పని ఇది, నా దృష్టిలో ఆయన చేసినవాటిలో అన్నింటికంటే సంతోషంగా ఉన్నది కూడా ఇదే. వేసవి రాత్రుల్లో తీరంలోని ఈ భాగం సంగీతంతో, కుర్రకారుతో హోరెత్తుతుంది. మేము పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్లి తీరుబడిగా చూశాము. పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబాలకు ఆ వేళే తగినది.

తీరం గురించి కూడా ఒక మాట. ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది, నీరు చాలా దూరం దాకా మోకాలి లోతే. విశాఖలో అలల ఉధృతి చూసి పెరిగినవారికి ఇది సముద్రమా చెరువా అన్న అనుమానం వస్తుంది. చిన్న పిల్లలున్నవారికి మాత్రం ఇంతకంటే నిశ్చింతైన చోటు దొరకదు. ఆడవారికి కేటాయించిన భాగం ఒకటి పాతకాలం నుంచి ఉంది. నదీముఖానికి ఇరువైపులా 19వ శతాబ్దంలో బండరాళ్లతో వేసిన పొడవైన కట్టలు సముద్రంలోకి రెండు కిలోమీటర్ల దాకా సాగుతాయి. రాళ్లు ఎత్తుపల్లాలుగా ఉంటాయి కనుక గట్టి బూట్లు ఉన్నవారే నడవాలి. శాకాహారులకు తిండి దొరుకుతుంది గాని వెతుక్కోవాలి. నల్లటి రై రొట్టె, పుల్లని మీగడ, బీట్‌రూటు, బంగాళాదుంప, పుట్టగొడుగులు మా పొట్ట నింపాయి. ర్యూట్లి వీధిలోని కాఫీహోటళ్లలో సూపులు బాగుంటాయి, మాంసం పులుసుతో చేశారేమో మాత్రం అడగాలి. జూలైలో ధరలు రెట్టింపవుతాయి, గదులు దొరకవు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో నీళ్లు ఇంకా మరీ చల్లబడవు, జనం పలుచబడతారు, కట్టడాలను చూడదలచినవారికి అదే సరైన కాలం. చలికాలంలో అఖాతం గడ్డకట్టే రోజులుంటాయి. అప్పుడు గదులు చవక, తెల్లని మంచు ముందు తెల్లని గోడలు ఎలా ఉంటాయో చూడాలని నాకు ఆశ ఉంది.

సీన్మాకు తన పనిని శాంతిగా చూసుకునే రోజులు ఎక్కువ మిగలలేదు. హోటలు తెరిచిన మూడేళ్లకే, 1940లో, సోవియట్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి, పెద్ద భవనాలన్నీ ప్రభుత్వపరమయ్యాయి. తరువాత జర్మన్లు వచ్చారు. 1944 శరత్కాలంలో సోవియట్ సేనలు తిరిగి వస్తున్నప్పుడు 70,000 మందికి పైగా ఎస్టోనియన్లు పడవల్లో, ఓడల్లో దేశం వదిలిపోయారు; అరవై మూడేళ్ల వయసులో సీన్మా కూడా స్వీడన్‌కు వెళ్లిపోయి, 1948లో అక్కడే మరణించాడు. ఆ యుద్ధంలో ప్యార్ను నడిబొడ్డు బాగా దెబ్బతిన్నది, దెబ్బతిన్న నికొలాయ్ చర్చిని ఆ తరువాత పూర్తిగా కూల్చివేశారు. ఊరి మధ్యలో ఇప్పుడు సోవియట్ కాలపు భవనాలు, ఖాళీ జాగాలు అక్కడక్కడ కనిపించడానికి కారణం అదే. తీరం వైపు ఉన్న సీన్మా కట్టడాలు నిలబడి ఉండటం కొంత అదృష్టం. ఈ కథను ఊరిలో తిరిగేటప్పుడు తెలుసుకోవాలంటే ఇంగ్లీషులో చెప్పే స్థానిక మార్గదర్శకులను వెంట తీసుకువెళ్లడం మేలు, పాత ఊరి గురించి తప్ప తీరపు కట్టడాల గురించి చెప్పనివారు కూడా ఉంటారు కనుక, డబ్బు కట్టే ముందే ఫంక్షనలిజం కట్టడాలు చూపిస్తారా అని అడగాలి.

టాలిన్‌కు తిరిగి వచ్చాక ఈ ప్రయాణానికి పొడిగింపుగా రెండు చోట్లు చూడవచ్చు. స్వేచ్ఛా కూడలిలో ఉన్న కున్‌స్తిహూనె అనే కళాభవనాన్ని రన్నాహోటెల్‌లో సీన్మాకు భాగస్వామి అయిన ఆంటోన్ సోవాన్సే, ఎడ్గర్ యోహన్ కూసిక్‌తో కలిసి 1934లో కట్టాడు. రెండు భవనాలనూ ఒకే వారంలో చూస్తే హోటలులో ఏది సోవాన్స్ చెయ్యి, ఏది సీన్మా చెయ్యి అని ఊహించడం సరదాగా ఉంటుంది. నగరపు కళాభవనం బిగదీసుకుని, ముక్కుసూటిగా ఉంది. ప్యార్నులోని ఆ వంపు, బాల్కనీల ఊపు సీన్మావేనని నా నమ్మకం, పందెం కట్టమంటే మాత్రం కట్టను. రెండోది రేవుకు దగ్గరలో, రోటర్మన్ పేటలో, 1908లో ఉప్పు నిల్వకు కట్టిన సున్నపురాతి గోదాములో ఉన్న ఎస్టోనియా వాస్తుకళా మ్యూజియం. నమూనాలు, పాత పటాలు ఇష్టపడేవారికి అక్కడ రెండు గంటలు సులువుగా గడుస్తాయి, ఓడ ఎక్కే ముందు చూడటానికి రేవుకు నడక దూరమే. అక్కడ సోమవారం చాలా మ్యూజియంలకు సెలవు కాబట్టి, ప్యార్ను నుంచి తిరుగు బస్సు టికెట్టును ఆ రోజు తప్పించి తీసుకోవాలి.